ఇరవై శాతం

2025 ఫిబ్రవరి 2, ఆదివారం

ట్రంప్ సంతకం పెట్టారు. చైనా సరుకు మీద 10 శాతం సుంకం. కెనడా, మెక్సికో మీద 25. కారణం ఫెంటనిల్.

పేపర్లో ఆ పేరు దగ్గర ఆగిపోయాను. రోజూ నా చేతిలో ఉండే మందు. రెండు మిల్లీలీటర్ల యాంప్యూల్, అందులో 100 మైక్రోగ్రాములు. తుంటి ఎముక విరిగిన పెద్దాయనకి ఇస్తాం. పిత్తాశయం తీసేటప్పుడు ఇస్తాం. మా ఊళ్లో జనానికి ఆ పేరు తెలియదు. మత్తు డాక్టరు ఏదో సూది వేశాడంటారు, అంతే.

అమెరికాలో దాదాపు ఈ ఒక్క మందు వల్లే 2021 నుంచి 2023 దాకా ఏటా 70 వేల మందికి పైగా పోయారు.

ఫిబ్రవరి 5

చైనా జవాబు. అమెరికా బొగ్గు, గ్యాస్ మీద 15 శాతం. ముడిచమురు, వ్యవసాయ యంత్రాలు, పెద్ద ఇంజిన్ కార్ల మీద 10. గూగుల్ మీద విచారణ.

రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చదివాను. మందు తీసుకునే మనిషికి పనికొచ్చే మాట ఎందులోనూ లేదు.

కెనడా, మెక్సికోలకు నెల గడువు. మెక్సికో సరిహద్దుకి పదివేల మంది జవాన్లను పంపుతుందట. కెనడా ఫెంటనిల్ కోసం ప్రత్యేకంగా ఒక అధికారిని వేస్తుందట.

ఫిబ్రవరి 9

స్టాకు లెక్క. అల్మరాకి రెండు తాళాలు. ఒక తాళంచెవి సిస్టర్ దగ్గర, ఒకటి నా దగ్గర. వాడిన యాంప్యూళ్ల ఖాళీ గాజు తిరిగి ఇవ్వాలి. సిరంజిలో మిగిలింది పారబోసేటప్పుడు ఇద్దరం చూడాలి, ఇద్దరం సంతకం పెట్టాలి.

కొత్తగా చేరిన కుర్ర డాక్టరు అడిగాడు, ఇంత పట్టింపు ఎందుకు సార్ అని.

అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ లెక్క చెప్పాను. రెండు మిల్లీగ్రాములు చాలు, మనిషి పోవచ్చు. మన యాంప్యూళ్లలో అది ఇరవై. పొడిగా ఉంటే పెన్సిల్ ములుకు మీద నిలుస్తుంది. ముందు ఊపిరి మందగిస్తుంది, తర్వాత ఆగుతుంది. థియేటర్లో పక్కన నేనుంటాను. ఆక్సిజన్ ఉంటుంది, వెంటిలేటర్ ఉంటుంది. అక్కడి పిల్లలు తలుపు గడియ పెట్టుకుని ఒక్కళ్లే ఉంటారు.

అతను ఖాళీ యాంప్యూళ్లు మళ్లీ లెక్కపెట్టాడు.

ఫిబ్రవరి 16

పాల్ జాన్సెన్. బెల్జియం. 1960లో ఫెంటనిల్ తయారుచేసేనాటికి ముప్ఫై నాలుగేళ్లు. మార్ఫిన్ కంటే యాభై నుంచి వంద రెట్లు బలం. త్వరగా పనిచేస్తుంది, త్వరగా దిగుతుంది, గుండెని అంతగా కుంగదీయదు. గుండె ఆపరేషన్లకి మత్తివ్వడం దీని తర్వాతే తేలికైంది. చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ ఆయన పేరు ఎప్పుడూ గౌరవంగా తీసేవారు. నేనూ అంతే. ఈ ఏడాది వార్తల్లో మందు పేరు వెయ్యిసార్లు వస్తోంది. అది నొప్పి తగ్గించే మందని ఒక్కసారీ చెప్పడం లేదు.

మార్చి 5

చైనా మీద పది కాస్తా ఇరవై అయింది.

చైనా ఈసారి పొలాల మీద పడింది. కోడిమాంసం, గోధుమ, మొక్కజొన్న, పత్తి మీద 15 శాతం. సోయాబీన్, జొన్న, పందిమాంసం మీద 10.

దానితోపాటు శ్వేతపత్రం. ఫెంటనిల్ కుటుంబం మొత్తాన్ని 2019 మే 1న ఒకే దెబ్బకి నియంత్రణలోకి తెచ్చామంటోంది. నిజమే. అంతకుముందు ఒక అణువుని నిషేధిస్తే, చిన్న మార్పుతో ఇంకోటి తయారయ్యేది. ఆ దారి మూసుకుంది. అప్పుడు తయారైన మందు పంపడం తగ్గి, తయారుచేసే రసాయనాలు మెక్సికో వెళ్లడం మొదలైంది. ఆ రెండో సగం గురించి శ్వేతపత్రం చెప్పుకున్నదాని కంటే చేసింది తక్కువ.

రోగం అమెరికాది, మందు అక్కడే వెతుక్కోవాలి అనడంలోనూ నిజం ఉంది. 1996లో నొప్పి మాత్ర ఆక్సీకాంటిన్ అమ్మకానికి వచ్చింది. అలవాటు పడే ప్రమాదం గురించి తప్పుదారి పట్టించామని కంపెనీ 2007లో కోర్టులో ఒప్పుకుంది. 2020లో మరోసారి నేరం ఒప్పుకుంది. మాత్రలు దొరకనప్పుడు హెరాయిన్. హెరాయిన్ తర్వాత, 2013 నుంచి, ఫెంటనిల్. మొదటి అడుగు ప్రిస్క్రిప్షన్ చీటీ మీద పడింది. మా వృత్తి వాళ్ల చేత్తో. దీన్ని చైనా చెప్పినా నిజమే, ఎవరు చెప్పినా నిజమే.

మార్చి 8

2024 ఆర్థిక సంవత్సరంలో కెనడా సరిహద్దులో అమెరికా పట్టుకున్న ఫెంటనిల్ 43 పౌండ్లు. మెక్సికో వైపు 21 వేల పౌండ్లకు పైగా.

రెండు దేశాలకీ ఒకటే సుంకం, 25 శాతం.

మార్చి 16

పాత కాగితాలు. 2018 డిసెంబర్ 1, బ్యూనస్ ఎయిరిస్. ట్రంప్, షీ జిన్‌పింగ్ రాత్రి భోజనం. ఆ పూట రెండు ఒప్పందాలు. సుంకాల పెంపు తొంభై రోజులు ఆపుతామని అమెరికా, ఫెంటనిల్‌ని నియంత్రిస్తామని చైనా. మందూ సుంకమూ ఒకే బల్ల మీదికి వచ్చింది ఈ ఏడాది కాదు, అప్పుడే.

2019 నవంబర్. హెబెయ్ రాష్ట్రం, షింగ్‌టాయ్ కోర్టు. అమెరికా ఇచ్చిన ఆచూకీతో పట్టుకున్న తొమ్మిది మందికి శిక్షలు. రెండు దేశాల పోలీసులూ కలిసి చేసిన పని. చేయగలరన్నమాట.

2022 ఆగస్టు. అమెరికా స్పీకర్ పెలోసీ తైవాన్ వెళ్లారు. కోపంతో చైనా ఆపేసిన సహకారాల జాబితాలో మాదకద్రవ్యాల నిరోధం కూడా ఉంది. తైవాన్‌కీ, ఒహాయోలో మాత్ర మింగిన కుర్రాడికీ ఏం సంబంధం? 2023 నవంబర్లో కాలిఫోర్నియాలో బైడెన్, షీ కలిసేదాకా అది తిరిగి మొదలవలేదు. పదిహేను నెలలు. నెలకి దాదాపు ఆరు వేల చావులు.

ఈ పదిహేను నెలలకి నేను చైనాని క్షమించలేను.

మార్చి 22

హైదరాబాద్ పేరు వచ్చింది. అక్కడి ఒక కంపెనీ మీద, కొందరు ఉద్యోగుల మీద అమెరికా ఫెడరల్ కోర్టులో అభియోగాలు. ఫెంటనిల్ తయారీకి పనికొచ్చే రసాయనం అమ్మారని. ఇంకా రుజువు కాలేదు. జనవరిలో సూరత్ కంపెనీల మీద ఇలాంటివే.

టీవీలో కింద గీత నడుస్తోంది. క్యాంటీన్లో ఒకాయన అడిగాడు, మన దగ్గర కూడా చేస్తున్నారా అని. ఆయన గొంతులో ఆశ్చర్యం ఉంది. బాధ లేదు.

మార్చి 23

జీడిమెట్లలో ఇంటర్మీడియట్స్ తయారుచేసే పాత క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. అతను చెప్పింది: ఆ రసాయనాలు దొంగసరుకు కాదురా, వాటితో ఎన్నో మంచి మందులు తయారవుతాయి. కొనేవాడు ఎవరు, ఎందుకు అని అడగాలి. అడిగితే ఆర్డర్ పక్కవాడికి పోతుంది.

నువ్వు అడుగుతావా అన్నాను.

అడుగుతానన్నాడు. రెండు ఆర్డర్లు వదులుకున్నాడట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అతన్ని తలుచుకున్నాను. ఇంత పెద్ద వ్యవహారంలో నాకు తెలిసి పని చేసిన తాళం అదొక్కటే.

ఏప్రిల్ 10

చైనా మీద 145 శాతం. పోటీ సుంకాలు 125, ఫెంటనిల్ పేరు మీద 20. చైనా కూడా 84 శాతం వేస్తోంది. ఈ అంకెల దగ్గర వ్యాపారమే ఆగిపోతుంది.

800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం, పెద్దగా తనిఖీ లేని వెసులుబాటు చైనాకి మే 2 నుంచి ఉండదు. అన్ని దేశాల నుంచీ కలిపి రోజుకి దాదాపు 40 లక్షల పార్సిళ్లు అలా వచ్చేవి. ఈ ఒక్క పనికి మందుతో నిజంగా సంబంధం ఉంది. రాయిటర్స్ విలేఖరులు కిందటేడు స్వయంగా రసాయనాలు, పరికరాలు తెప్పించి చూపించారు. ఖర్చు 3,600 డాలర్లు. కనీసం 30 లక్షల మాత్రలకు సరిపడే సరుకు. వాళ్లు మాత్రలు చేయలేదు.

ఏప్రిల్ 14

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఈ చావుల మీద ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది 2016లో ఈ రోజున. తొమ్మిదేళ్లు. ఇంకా ఎత్తేయలేదు. 16 వేల మందికి పైగా పోయారు. దక్షిణాన ఎవరు గెలిచినా ఓడినా ఈ లెక్క వాంకూవర్ వాళ్లది. కిందటి అక్టోబర్లో ఫాక్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో పోలీసులు పెద్ద కర్మాగారమే పట్టుకున్నారు. కాబట్టి కెనడాలో తయారవడం లేదనడానికీ లేదు. తయారయ్యేది ఎక్కువగా వాళ్ల పిల్లలకే చేరుతోంది.

ఏప్రిల్ 27

అన్నయ్య కూతురు ఒహాయోలో ఫార్మసిస్టు. ఆదివారం ఫోన్.

మోతాదు మించినప్పుడు విరుగుడుగా వాడే నార్కన్ ముక్కు స్ప్రే ఇప్పుడు చీటీ లేకుండా అమ్ముతున్నారు. 2023 నుంచి. రెండు స్ప్రేల పెట్టె దాదాపు 45 డాలర్లు. పేదవాళ్లు ఆ ధర చూసి పెట్టె మళ్లీ అరలో పెట్టేస్తారు బాబాయ్ అంది. ఊళ్లో లైబ్రరీలో ఉచితంగా ఇస్తారని కాగితం మీద రాసి ఇస్తుందట. ఒకామె ఆ కాగితం తీసుకుని, మా అబ్బాయికి కాదు, పక్కింటివాళ్లకి అందట. రెండు వారాల తర్వాత అదే ఆమె వచ్చి, ఇంకో కాగితం కావాలి అందట.

నార్కన్ వాడే పద్ధతి నేర్పడానికి ఇచ్చే 5.6 కోట్ల డాలర్ల గ్రాంటు ఎత్తేయాలని బడ్జెట్ ముసాయిదాలో ఉందని వార్త. ఫెంటనిల్ పేరు మీద మూడు దేశాలకి సుంకాలు వేస్తున్న ప్రభుత్వమే అది. రెండు సార్లు చదివాను.

మే 12

జెనీవా. అమెరికా వైపు బెసెంట్, గ్రీర్. చైనా వైపు హె లిఫెంగ్. 145 నుంచి 30కి దిగింది.

30 అంటే 10, 20. మిగతావన్నీ కరిగాయి. ఫెంటనిల్ ఇరవై కదల్లేదు.

మే 15

నిన్న అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క వచ్చింది. 2023లో మోతాదు మించి చనిపోయినవాళ్లు లక్షా పది వేలు. 2024లో 80 వేలు. దాదాపు 27 శాతం తక్కువ. ఫెంటనిల్ లాంటి వాటితో పోయినవాళ్లు 76 వేల నుంచి 48 వేలకి.

ముప్ఫై వేల మంది బతికారు. ఈ ఏడాది చదివిన వార్తల్లో దీనికి మించింది లేదు. మా పేపర్లో లేదు.

తగ్గడం 2023 మధ్యలోనే మొదలైంది. ఫెంటనిల్ పేరు మీద సుంకం అప్పటికి లేదు. ఎందుకు తగ్గిందన్నదానికి ఒక్క జవాబు లేదు. నార్కన్ ఊరూరా చేరడం, మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ చికిత్స తేలికగా దొరకడం, వీధిలో సరుకు మారడం. ప్రమాదంలో ఉన్నవాళ్లలో చాలామంది అప్పటికే పోవడం కూడా ఒక కారణమంటున్నారు. ఆ చివరి కారణం రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను.

మే 29

న్యూయార్క్ వాణిజ్య న్యాయస్థానం సుంకాలు చెల్లవంది. ముగ్గురు జడ్జీలు, ఒకే మాట. కేసు వేసినవాళ్లలో ముందున్నది వైన్ దిగుమతి చేసుకునే చిన్న సంస్థ.

1977 అత్యవసర అధికారాల చట్టంతో వేసిన సుంకాలివి. ముప్పుని ఎదుర్కోవడానికే ఆ అధికారం వాడాలి. చట్టబద్ధంగా వచ్చే సరుకు మీద పన్ను వేస్తే దొంగరవాణాని ఎదుర్కున్నట్టు కాదు, అవతలి ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసినట్టు మాత్రమే అని కోర్టు తేల్చింది. ఇంత సూటిగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. బొమ్మల పెట్టె మీద సుంకం కట్టేది అమెరికాలో దాన్ని దించుకునే వ్యాపారి. ఫెంటనిల్ పొట్లం రేవులో ఎవరూ చూపించరు. దానికి ఎప్పుడూ సుంకం లేదు.

అప్పీలు. వసూలు ఆగదు.

జూన్ 26

మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. కలెక్టరేట్ నుంచి స్కూలు పిల్లల ర్యాలీ. ప్లకార్డులు. ఎండ.

ఈ తేదీ చైనాలోని హూమెన్‌ది. 1839 జూన్. కాంటన్‌కి చక్రవర్తి పంపిన అధికారి లిన్ జెషూ బ్రిటిష్ వర్తకుల దగ్గర 20 వేలకు పైగా నల్లమందు పెట్టెలు పట్టుకున్నాడు. వెయ్యి టన్నులకు మించి. తగలబెట్టలేదు. కాలిస్తే మిగిలింది నేలలోకి ఇంకుతుంది, జనం తవ్వుకుంటారు. సముద్రం ఒడ్డున పెద్ద గోతులు తవ్వించాడు. ఉప్పునీళ్లు, సున్నం, నల్లమందు ఉండలు. కూలీలు పలకల మీద నిలబడి కలిపారు. ఆటుపోటు చూసి సముద్రంలోకి వదిలారు. ఇరవై మూడు రోజులు పట్టింది.

మొదలుపెట్టే ముందు సముద్ర దేవుడికి ఒక ప్రార్థన రాశాడు. నీ నీళ్లలో విషం కలుపుతున్నాను, క్షమించు, నీ చేపల్ని కాసేపు దూరంగా పొమ్మని చెప్పు అని. అది చదివినప్పటి నుంచి ఆ మనిషి మీద నాకు ప్రేమ.

విక్టోరియా రాణికీ ఉత్తరం రాశాడు. మీ దేశంలో వద్దన్న సరుకు మా దేశానికి ఎందుకు పంపుతారని. ఆమె చేతికి అందిన దాఖలా లేదు. మరుసటి ఏడు యుద్ధ నౌకలు వచ్చాయి. వ్యాపార స్వేచ్ఛ కోసం అన్నారు. 1842లో హాంకాంగ్ పోయింది. లిన్‌ని అంతకుముందే ఎక్కడో పశ్చిమాన ఇలీకి పంపేశారు, తప్పంతా అతనిదేనని.

చైనా పిల్లలు ఈ పాఠం చదువుకుని పెద్దవుతారు. బీజింగ్‌తో మందు గురించి మాట్లాడే ఏ అమెరికా అధికారి అయినా ముందు ఇది చదవాలి. ఇదే పాఠం చదివిన బీజింగ్ అధికారి, ఒక జనం మీద మందు పడితే ఏమవుతుందో మిగతావాళ్ల కంటే ముందు తెలుసుకోవాలి.

జూన్ 29

ఆ పెట్టెల్లో సరుకు ఎక్కువగా మన దేశానిది. పాట్నా, బెనారస్, మాళ్వా. పాట్నా, బెనారస్ రైతులకి ముందుగా అప్పు ఇచ్చి, గసగసాల మొక్కే వేయించి, పాలు ఈస్టిండియా కంపెనీయే కొనేది. కలకత్తాలో వేలం. కంపెనీ తన ఓడల్లో ఎక్కించలేదు, చైనాలో నిషేధం కదా. ప్రైవేటు వర్తకులు కొనుక్కుపోయేవాళ్లు. ఎక్కడికని కంపెనీ అడిగేది కాదు.

కొన్నవాళ్లలో, మోసినవాళ్లలో అమెరికన్లూ ఉన్నారు. కాంటన్‌లో రస్సెల్ అండ్ కంపెనీ. అందులో వారెన్ డెలానో. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి తల్లివైపు తాత.

ఘాజీపూర్ నల్లమందు ఫ్యాక్టరీ 1820 నాటిది. ఇప్పుడూ నడుస్తోంది, ప్రభుత్వానిది, మందుల కోసం.

నాయనమ్మ చెప్పేది. కోతలకి పోయే తల్లులు చంటిపిల్లలకి రవ్వంత నల్లమందు నాకించి చెట్టుకింద పడుకోబెట్టేవాళ్లట. సాయంత్రం కొందరు లేచేవాళ్లు కాదట. ఊపిరి ఆగి ఉంటుంది. ఇప్పుడు అర్థమవుతుంది.

జులై 21

నిన్నటి నుంచి చైనాలో నిటజీన్లు మొత్తం నిషేధం. ఫెంటనిల్ తయారీకి వాడే మరో రెండు రసాయనాలు కూడా నియంత్రణలోకి. మంచి పని. ఎందుకు చేశారన్నది ఏదైనా కానీ.

నిటజీన్లు 1950ల్లో స్విట్జర్లాండ్‌లో పుట్టాయి. మందుగా ఎన్నడూ అమ్మలేదు. కొన్ని ఫెంటనిల్‌ని మించిన బలం. ఒక తలుపు మూస్తే మందు చేసేవాడు పాత పరిశోధన పత్రాల్లో ఇంకోటి వెతుకుతాడు.

ఆగస్టు 28

నిన్నటి నుంచి మన మీద అమెరికా సుంకం 50 శాతం. ఇందులో 25 రష్యా చమురు కొన్నందుకు. మందుల కంపెనీల సరుకుకి మినహాయింపు. రొయ్యలకి లేదు.

ఆకివీడు స్నేహితుడు ఫోన్ చేశాడు. సీడు వేయాలా వద్దా అని అడుగుతున్నాడు, నన్ను. చమురు కొన్నది నేను కాదు కదండీ అన్నాడు. అతనికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. నార్త్ డకోటాలో సోయాబీన్ వేసిన రైతు కూడా ఈపాటికి ఎవరినో ఇదే అడుగుతూ ఉంటాడు. ఆయన ఎవరికీ ఫెంటనిల్ అమ్మలేదు.

సెప్టెంబర్ 17

మాదకద్రవ్యాలు, రసాయనాలు తయారయ్యే, రవాణా అయ్యే దేశాలని వైట్‌హౌస్ జాబితా. ఇరవై మూడు. చైనా ఉంది. ఇండియా ఉంది.

సెప్టెంబర్ 19

ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం కొందరు భారతీయ వ్యాపారుల వీసాలు రద్దు చేసింది. ఫెంటనిల్ రసాయనాల రవాణాలో ప్రమేయమని. వాళ్ల కుటుంబాలకి కూడా రాకపోవచ్చట.

మనవాళ్ల గోల వీసా గురించి. రసాయనం ఎవరికి చేరిందని ఒక్కరైనా అడగాలి. బాకీ మనకీ ఉంది. పాట్నా నుంచి ఉంది.

అక్టోబర్ 11

పాలియేటివ్ కేర్ దినం. లాన్సెట్ కమిషన్ 2017 పట్టిక మళ్లీ తీశాను. తీవ్రమైన నొప్పితో ఉన్నవాళ్ల అవసరంలో మార్ఫిన్ లాంటి మందులు ఎంత శాతం అందుతున్నాయి:

అమెరికా 3,150. కెనడా 3,090. మెక్సికో 36. చైనా 16. ఇండియా 4.

ఈ ఏడాది పొడుగునా పేపర్లో కలిసి కనిపించిన దేశాలే. ఈ శాతాల గురించి ఎవరూ ఎక్కడా సమావేశం పెట్టలేదు.

నల్లమందు పండించి ప్రపంచానికి అమ్మే దేశంలో నాలుగు శాతం. 1985 మాదకద్రవ్యాల చట్టం భయంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో సవరించారు. మార్ఫిన్, ఫెంటనిల్‌తో కలిపి ఆరు మందులకి లైసెన్సు సులువు చేశారు. భయం మాత్రం పోలేదు. దొంగని పట్టడానికి రాసిన చట్టం ముందుగా రోగిని పట్టుకుంటుంది. మన దగ్గర చూశాను. అమెరికాలోనూ ఇప్పుడు జరుగుతోంది, మాత్రలు ఒక్కసారిగా ఆపేసిన పాత నొప్పి రోగులు వీధి సరుకు వైపు వెళ్తున్నారు.

అక్టోబర్ 21

సెప్టెంబర్లో చైనా అమెరికా నుంచి కొన్న సోయాబీన్: సున్నా. 2018 నవంబర్ తర్వాత ఇదే మొదటిసారి. బ్రెజిల్ నుంచి ఓడలు వస్తున్నాయి.

అక్టోబర్ 31

నిన్న బుసాన్‌లో ట్రంప్, షీ. గంటా నలభై నిమిషాలు.

ఫెంటనిల్ ఇరవై, పది అయింది.

చైనా ఈ ఏడాది చివరికి 1.2 కోట్ల టన్నుల సోయాబీన్ కొంటుంది. తర్వాత మూడేళ్లు ఏటా 2.5 కోట్ల టన్నులు. అరుదైన ఖనిజాల మీద ఆంక్షలు ఏడాది వాయిదా. ఫెంటనిల్ ఆపడానికి గట్టిగా కృషి చేస్తామని మాట. సమావేశానికి పదికి పన్నెండు మార్కులు వేశారు ట్రంప్.

సోయాబీన్‌కి టన్నులున్నాయి, తేదీలున్నాయి. మందు వైపు ఒక మాట ఉంది. ఎన్ని చావులు తగ్గితే మిగతా పది పోతుంది? రాసి ఉందేమోనని వెతికాను. దొరకలేదు. ఎవరూ అడిగినట్టు కూడా లేదు.

అన్నయ్య కూతురికి మెసేజ్ పెట్టాను. తను సమావేశం సంగతి చూడలేదట. ఆ రోజు ఓ కుర్రాడికి బ్యుప్రెనార్ఫిన్ ఇన్సూరెన్స్ తిరస్కరిస్తే రెండు గంటలు ఫోన్ మీద కూర్చుని సాధించిందట.

నవంబర్ 6

సుంకాల కేసులో అమెరికా సుప్రీంకోర్టు వాదనలు రాత్రి విన్నాను. ఇప్పుడు ముందున్నది ఇల్లినాయిలో పిల్లల చదువు బొమ్మలు చేసే కుటుంబ సంస్థ. పన్ను వేసే హక్కు కాంగ్రెస్‌ది కదా అన్నారు ప్రధాన న్యాయమూర్తి. చట్టంలో సుంకమన్న మాటే లేదని వ్యాపారుల లాయరు నీల్ కట్యాల్ వాదన. దిగుమతులు నియంత్రించవచ్చని ఉంది, సుంకం కూడా నియంత్రణే అని ప్రభుత్వ లాయరు.

గంటల తరబడి. అధికారం ఎవరిది అన్నదే ప్రశ్న. కోర్టుకి అదే ప్రశ్న ఉండాలి, అది సరైనదే. ఫెంటనిల్ పేరు అప్పుడప్పుడు వినిపించింది.

నవంబర్ 11

రెండు వైపులా నిన్న అమల్లోకి. పది శాతం తగ్గింపు. చైనా నుంచి అమెరికా, కెనడా, మెక్సికోలకి పదమూడు రసాయనాల ఎగుమతికి ఇక లైసెన్సు కావాలి.

మార్చిలో క్లాస్‌మేట్ చెప్పిన పని ఇదే. కొనేవాడు ఎవరు, ఎందుకు. ఇది 2022లోనూ చేయొచ్చు. సుంకం లేకుండానూ చేయొచ్చు. పదమూడు పేర్లూ అతనికి పంపాను. వీటిలో నువ్వు చేసేవి ఉంటే చూసుకో అని. రెండు ఉన్నాయన్నాడు. లెడ్జర్ తీస్తున్నానన్నాడు.

తెనాలి దగ్గర పల్లెటూరి రోగి. ప్రోస్టేట్ కేన్సర్ వెన్నెముకకి పాకింది. కొడుకు నెలకోసారి రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు తెచ్చుకుంటున్నాడు. ఈసారి కూలి పని వదిలి వెళ్లలేకపోయాడు. మాత్రలు రేపటి వరకే. మా ఆసుపత్రి అల్మరాలో ఫెంటనిల్ ఉంది, థియేటర్ కోసం. నోటి మార్ఫిన్ ఉంచాలని మేనేజ్‌మెంట్‌కి మళ్లీ రాశాను. ఈసారి దరఖాస్తు ఫారం నేనే నింపి, రెండు తాళాల అల్మరా ఫొటో జతచేసి, ఎక్కడ సంతకం పెట్టాలో గుర్తు పెట్టి ఇచ్చాను. పెద్దాయనకి రేపటి తర్వాత ఏం చేయాలో గుంటూరులో ఇద్దరిని అడిగాను. ఒకరు పొద్దున్నే రమ్మన్నారు.